మేడారంలో పనిచేసిన మనుషులే ఆఫీసుకొచ్చాక ఎందుకు పనిచేయరు?

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. గ్రూప్-4లో వార్డు ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది, ఒక చిన్న మున్సిపాలిటీలో చేరి ఏడాది దాటింది, మొదటి మూడు నెలలు పొద్దున్నే గల్లీలు తిరిగినవాడివి ఇప్పుడు పదిన్నరకు వచ్చి సంతకం పెట్టి కూర్చుంటున్నావు, పక్క సీటు వాళ్లేమో "ఎక్కువ చేస్తే నీకే ఎక్కువ పడుతుంది, మెల్లగా అలవాటైతది" అంటున్నారు. ఇది నా బద్ధకమా, ఆఫీసు వాతావరణమే మనిషిని ఇట్లా తయారు చేస్తుందా అని నీ అనుమానం.

నేను 1991లో మండల పరిషత్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. హనుమకొండ చుట్టుపక్కల, తర్వాత భూపాలపల్లి వైపు, మధ్యలో ఒక మేజర్ పంచాయతీ మున్సిపాలిటీగా మారినప్పుడు అక్కడ కొంతకాలం, చివరికి మండల పంచాయతీ అధికారిగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా చూసినదాన్నిబట్టి చెప్తున్నా, ఎక్కువ భాగం ఆఫీసుదే. కొంచెం నీది కూడా ఉంది, ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ముందు మేడారం సంగతి చెప్తా. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వస్తే పంచాయతీ స్టాఫ్‌కు డ్యూటీలు పడతాయి, అంత జనాన్ని ములుగు జిల్లా ఒక్కటీ మోయలేదు కాబట్టి పక్క జిల్లాల నుంచి కార్యదర్శులు, ఎంపీఓలు (మండల పంచాయతీ అధికారులు) అందరూ పోవాల్సిందే. ఒక జాతరలో నాకు జంపన్నవాగు దగ్గర పారిశుధ్యం డ్యూటీ పడింది. నాతో వచ్చినవాళ్లలో మా మండలం కార్యదర్శి ఒకాయన ఉన్నాడు, వయసులో నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, మా ఆఫీసులో ఆయన పేరు చెప్తే అందరూ నవ్వేవాళ్లు. ఏ ఫైలు అడిగినా "చూస్తున్నా మేడం" అంటాడు, చూడడు. అట్లాంటి మనిషి రాత్రి రెండు గంటలకు చలిలో మఫ్లర్ కట్టుకుని, చేతిలో టార్చి పట్టుకుని, కార్మికుల వెనకే నడుస్తూ బ్లీచింగ్ చల్లిస్తున్నాడు. ఒకచోట చెత్త బండి ఇసుకలో దిగబడితే ఆయనే భుజం పెట్టి తోశాడు. మర్నాడు ఉదయం టాయిలెట్లకు నీళ్లు రావట్లేదని ఎవరూ చెప్పకముందే ట్యాంకర్‌ను పిలిపించాడు. నాలుగు రోజులు ఆ మనిషి ఆ మనిషే కాదు.

జాతర అయిపోయింది, వచ్చాం, వారంలో మళ్లీ "చూస్తున్నా మేడం" మొదలు. ఒకరోజు టీ తాగుతూ అడిగేశా, అక్కడ అంత చేశారు కదా, ఇక్కడ ఏమైంది అని. ఆయన నవ్వి ఒక మాట అన్నాడు: "అక్కడ నువ్వెందుకు చేసినవని నన్నెవరూ అడగలేదు మేడం. ఇక్కడ చెయ్యనందుకు అడగరు, చేసినందుకే అడుగుతరు."

పనిసంస్కృతి మీద ఆ తర్వాత హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో శిక్షణలకు పోయాను, స్లైడ్లు చూశాను, నాయకత్వం అని ప్రేరణ అని చాలా విన్నాను, ఆ టీ దగ్గర విన్న మాటకు మించింది ఏదీ దొరకలేదు. మన స్థానిక సంస్థల ఆఫీసుల్లో ఎవరైనా ఒక పని సొంతంగా చేస్తే మొదట వచ్చే ప్రశ్న "నీకెవరు చెప్పారు?" అనేదే. మోరీ నిండి రోడ్డు మీదికి పారుతుంటే పక్క వార్డు జవాన్‌ను, అంటే పారిశుధ్య కార్మికుల మేస్త్రీని, పిలిచి తీయించావనుకో, సాయంత్రానికి ఆ వార్డు వాళ్లకు కోపం, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు కోపం, కౌన్సిలర్‌కు తనకు చెప్పలేదని కోపం. తీయించకపోతే? ఫిర్యాదు రాసుకుంటారు, సోమవారం ప్రజావాణిలో ఒక అర్జీ వస్తుంది, "సంబంధిత సిబ్బందికి ఆదేశాలు ఇవ్వడమైనది" అని జవాబు పోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ఇందులో ఏ దారి ఎన్నుకోవాలో కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఆరు నెలల్లో అర్థమైపోతుంది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పించనక్కర్లేదు.

మేడారంలో ఏం మారింది మరి? ఎవరి జాగా ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది ముందే గీసి ఇస్తారు. బ్లీచింగ్ పౌడర్ కావాలంటే ఇండెంటు రాసి, నోట్ ఫైలు పెట్టి, సంతకానికి మూడు రోజులు తిరగక్కర్లేదు, సెక్టార్ పాయింట్‌కు పోతే బస్తా ఇస్తారు. నిర్ణయం తీసుకునే ఆఫీసర్ పది అడుగుల దూరంలో, మనలాగే దుమ్ములో నిలబడి ఉంటాడు. డీపీఓ (జిల్లా పంచాయతీ అధికారి), కార్మికుడు ఒకే టెంటు దగ్గర పులిహోర తింటారు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. అన్నిటికంటే ముఖ్యం, చేసిన పని కంటికి కనిపిస్తుంది. పొద్దున కుప్పలుగా ఉన్నచోట మధ్యాహ్నానికి జనం బట్ట పరుచుకుని కూర్చుంటారు.

అయితే జాతర నాలుగు రోజులది. అక్కడ కార్మికులు నిద్రలేక సోలిపోవడం కూడా చూశాను, దాన్ని గొప్పగా చెప్పుకోను. కొందరు అధికారులు మేడారం చూసి తప్పు పాఠం నేర్చుకుంటారు, జనం పరుగులు పెడితేనే పని అవుతుందని, ఏడాదంతా జాతర నడపాలని చూస్తారు. జాగా గీసివ్వడం, బస్తా చేతికివ్వడం, పక్కన నిలబడటం మాత్రం వదిలేస్తారు, పరుగు ఒక్కటే తీసుకుంటారు.

ఆ పరుగు ఎట్లా ఉంటుందో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల దగ్గర చూశాం. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఊరికో కార్యదర్శి ఉండాలని 9,355 పోస్టులు వేశారు, 2019 ఏప్రిల్‌లో పిల్లలు చేరారు, ఎంటెక్‌లు ఎంబీఏలు చదివినవాళ్లు కూడా. జీతం మొదట్లో 15 వేలు, ప్రొబేషన్ మూడేళ్లన్నారు, దాన్ని నాలుగేళ్లు చేశారు. ఆ సెప్టెంబర్‌లోనే పల్లె ప్రగతి ముప్పై రోజుల ప్రణాళిక మొదలైంది. ఇక చూసుకో, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానం), పల్లె ప్రకృతి వనం, ట్రాక్టర్, ఇంటి పన్ను, రోజూ పొద్దున పారిశుధ్యం ఫొటోలు యాప్‌లో పెట్టడం. న్యాయంగా చెప్పాలంటే ఊళ్లు మారాయి, ట్రాక్టర్ లేని పంచాయతీ లేదిప్పుడు, చెత్త ఊరి బయటికి పోతోంది, ఆ పిల్లల చెమట అది. 2023 ఏప్రిల్ చివర్లో వాళ్లు రెగ్యులరైజ్ చేయమని సమ్మెకు దిగారంటే నాకు ఆశ్చర్యమేమీ కాలేదు.

ఇందులో ఒక్క సంఘటన దగ్గరగా చెప్తా, ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది. చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్ పదవికీ కార్యదర్శి ఉద్యోగానికీ ఎసరే. మార్చి నెల, పొద్దున ఏడింటికి టెలికాన్ఫరెన్స్. ఒక్కొక్కరినీ అడుగుతున్నారు, మొక్కలు ఎన్ని బతికాయి, ఎన్ని పోయాయి. చివరి ఊరి కార్యదర్శి, పాతికేళ్ల అమ్మాయి, ఉన్నదున్నట్టు చెప్పింది. సార్, రోడ్డు వెంట పెట్టినవి సగం దాకా ఎండాయి, ట్యాంకర్ యాక్సిల్ విరిగి పదిహేను రోజులైంది, బాగు చేయించడానికి పంచాయతీ ఖాతాలో డబ్బుల్లేవు, పోయిన వారం కూడా రాశాను అని. లైన్‌లో పాతికమంది వింటున్నారు. అవతలినుంచి "నువ్వు జీతం తీసుకుంటున్నావా లేదా?" అని మొదలై ఐదు నిమిషాలు ఆగలేదు. సాయంత్రానికి మెమో. ఆ అమ్మాయి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది, నేనేమన్నానో తెలుసా? "అట్లా చెప్పకూడదమ్మా, నాకు ముందే ఒక మాట చెప్పాల్సింది" అన్నాను.

మరుసటి వారం టెలికాన్ఫరెన్స్‌లో ఆ అమ్మాయితో సహా అందరివీ 90కి పైనే బతికాయి. నేను కూడా సంతకం పెట్టి పైకి పంపించా. కాగితం మీద మొక్కలన్నీ బతికి ఉన్నప్పుడు ట్యాంకర్ బాగు చేయించాల్సిన అవసరం ఎవరికుంటుంది? మే వచ్చేసరికి ఆ రోడ్డు వెంట ట్రీగార్డులు మిగిలాయి, మొక్కలు లేవు. ట్యాంకర్ రిపేరుకు అయ్యే ఖర్చెంత, జూలైలో మళ్లీ నాటడానికి అయిన ఖర్చెంత, లెక్క వేయడానికి మనసొప్పలేదు.

నువ్వు పనితీరు, పనితీరు అని రాశావు చూడు, అది చచ్చిపోయేది ఇట్లాంటి పొద్దునే. ఆ అమ్మాయి ఆ రోజు నుంచి పని మానేయలేదు, నిజం చెప్పడం మానేసింది. పై ఆఫీసర్‌కు బూతుల్లాంటి మాటలతో దొరికేది అంకె ఒక్కటే, ఆ అంకె కింద ఏముందో ఆయనకు ఇక ఎప్పటికీ తెలియదు. తెలియనివాడు ఇచ్చే ఆదేశాలు తప్పే అవుతాయి, ఆ తప్పు ఆదేశాలకు మళ్లీ కింద అబద్ధాలు తయారవుతాయి. 2025లో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతిలో కొందరు కార్యదర్శులు ఫొటోకు ఫొటో తీసి హాజరు వేసుకున్న సంగతి పేపర్లలో వచ్చింది, చదివే ఉంటావు. మోసం మోసమే, నేను వెనకేసుకు రాను. కానీ ఆ యాప్ చూసేది ముఖాన్ని, మోరీని కాదు. ముఖం చూపిస్తే చాలనే చోట మనిషి ముఖమే పంపిస్తాడు, కొందరు అది కూడా పంపలేదు, అంతే తేడా.

దీనికి ఎదురు ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2018లో మొదటిసారి రైతుబంధు చెక్కులు, ఎకరానికి నాలుగు వేలు, పంచినప్పుడు కొందరు పరిశోధకులు ప్రభుత్వంతో కలిసి ఒక పని చేశారు. కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ముందే చెప్పారు, మీ మండలం రైతులకు మేమే ఫోన్ చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని అడుగుతాం అని. మిగతా మండలాల్లో చెప్పలేదు. చెప్పిన చోట చెక్కులు అందడం కొంత మెరుగుపడింది, ఎక్కువ ఖర్చు కూడా కాలేదు. గమనించు, అధికారిని తిట్టలేదు, ఫొటో అడగలేదు, అందాల్సినవాడిని అడిగారు. మన వార్డులో కూడా "చెత్త బండి ఈ వారం ఎన్ని రోజులు వచ్చిందమ్మా?" అని పది ఇళ్లకు ఫోన్ చేస్తే తెలిసేది వంద ఫొటోల్లో తెలియదు.

ఇక నీ పక్క సీటాయన చెప్పిన మాట, ఎక్కువ చేస్తే ఎక్కువ పడుతుందని. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను చేసిన మున్సిపాలిటీలో ఇంటి పన్ను వసూలు చేసే ఒక బిల్ కలెక్టర్ ఉండేది, చురుకైన మనిషి. ఎవరు ఎంత కట్టాలో ఉండే డిమాండ్ రిజిస్టర్ ఇంటి నంబర్ల వారీగా సొంతంగా మళ్లీ రాసుకుంది, ఎవరు ఏ నెలలో చేతిలో డబ్బుంటే కడతారో పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంది, పత్తి అమ్మిన డబ్బులు వచ్చేవాళ్లకు జనవరి, జీతాలవాళ్లకు ఒకటో తారీఖు తర్వాత, గల్ఫ్ నుంచి డబ్బులు వచ్చే ఇళ్లకు వేరే గుర్తు. ఏప్రిల్‌లో కడితే 5 శాతం రిబేటు ఉందని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ ఎట్లా పెరుగుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఫిబ్రవరి చివరికే తన వార్డుల వసూలు దాదాపు అయిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఏమైంది? మార్చి మొదటి వారంలో పక్క బిల్ కలెక్టర్ చూడాల్సిన మొండి బకాయిల పుస్తకం పైవాళ్లు తీసుకొచ్చి ఈమె టేబుల్ మీద పెట్టారు, "నువ్వైతేనే చేయగలవు" అని. ఆ పుస్తకం అసలు మనిషి మార్చి 31 దాకా ఆఫీసులో కూర్చుని కంప్యూటర్ ఎంట్రీలు చేశాడు.

మరుసటి ఏడాది ఆమె గుర్తుల రిజిస్టర్ బయటికి తీయలేదు. మార్చి 25 దాకా అందరిలాగే నడిచి, చివరి ఐదు రోజుల్లో అందరితోపాటు పరిగెత్తింది. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, ఆఫీసుల్లో పనిచేసేవాణ్ని చూసినా అదే బుద్ధి. ఇట్లా చేసే అధికారికి దురుద్దేశం ఏమీ ఉండదు. ఆయనకు ఈ నెల అంకె కావాలి, దొరికిన గుర్రం మీద ఇంకో బస్తా వేస్తాడు. ఆ పుస్తకంతోపాటు కనీసం ఆమెను జనన మరణాల కౌంటర్ డ్యూటీ నుంచి తప్పించి ఉంటే, లేదా ఆ మొండి బకాయిల అసలు మనిషిని వెంట తిప్పి ఉంటే, కథ వేరే ఉండేది. ఇంక్రిమెంట్లు మన చేతిలో లేవు, ప్రమోషన్ సీనియారిటీ ప్రకారం వస్తుంది, ఇవన్నీ నిజమే, కానీ సెక్షన్‌లో పని పంచడం అన్నది సూపరింటెండెంట్ చేతిలో ఉన్న పనే.

జనన మరణాల కౌంటర్ అన్నాను కదా, అదే మున్సిపాలిటీలో మంచి సంగతి కూడా అక్కడే చూశాను. పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే ఉచితంగా నమోదు చేయాలి, 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో, ఆ తర్వాత ఏడాదిలోపు పైవాళ్ల అనుమతితో, ఏడాది దాటితే ఆర్డీఓ దాకా పోవాలి. ఆస్పత్రిలో పుట్టినవాళ్లతో ఎక్కువ చిక్కు లేదు, పేర్లు సరిచేయడానికి వచ్చేవాళ్లతోనే అంతా. ఒక తండా నుంచి ఒకామె వచ్చేది, బిడ్డను బళ్లో చేర్పించాలి, సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. మొదటిసారి వస్తే ఆధార్ జిరాక్స్ తెమ్మన్నారు. తెస్తే, అఫిడవిట్ కావాలన్నారు. అది తెస్తే ఆస్పత్రి డిశ్చార్జి కాగితం అన్నారు. ఒక్కో కొర్రీకి ఒక రోజు కూలి, ఆటో చార్జీ. నాలుగోసారి ఆమె కౌంటర్ దగ్గర ఏమీ అడగకుండా కింద కూర్చుంది, గోడకు ఆనుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని.

ఆ సీటులో కుర్రాడు చెడ్డవాడు కాదు, లంచం అడిగే రకం అంతకన్నా కాదు. భయస్తుడు. అంతకుముందు ఆ సీటులో పనిచేసినాయనకు ఒక తప్పు సర్టిఫికెట్ ఇచ్చినందుకు ఛార్జ్ మెమో వచ్చి, రిటైర్మెంట్ దాకా తిరిగాడు. ఈ కుర్రాడు అది చూశాడు. ఇచ్చినందుకు మెమో వచ్చింది కానీ, ఆపినందుకు మెమో వచ్చినవాణ్ని అతను చూడలేదు, నా సర్వీసులో నేనూ ఒకరిద్దరిని మించి చూడలేదు. అట్లాంటప్పుడు కొర్రీ వేయడమే క్షేమం. ఇంటి అనుమతుల్లో కూడా ఇదే జరగడం చూశాను, 2020లో టీఎస్ బీపాస్ తెచ్చి 75 గజాల్లోపు ఇంటికి రూపాయితో రిజిస్ట్రేషన్ చాలన్నారు, పెద్దవాటికి 21 రోజుల గడువు పెట్టారు, మంచి పని. అయినా భయం ఉన్నచోట గడువు దగ్గరపడేసరికి ఏదో ఒక కాగితం లేదని వెనక్కి తిప్పి పంపితే సరి. యంత్రం గడువును పట్టుకుంటుంది, భయాన్ని పట్టుకోలేదు.

అప్పుడు కొత్తగా వచ్చిన మేనేజర్, ముక్కుసూటి మనిషి, రెండే పనులు చేశాడు. మొదటిది, కొర్రీలన్నీ ఒకేసారి, ఒకే కాగితం మీద రాసి, కింద తారీఖు వేసి సంతకం పెట్టి ఇవ్వాలన్నాడు. ఆ కాగితంలో లేనిది రెండోసారి అడగడానికి వీల్లేదు. రెండోది, అనుమానం ఉన్న ఫైలు ఏదైనా సరే "పరిశీలనకు" అని రాసి తన టేబుల్ మీద పెట్టమన్నాడు, మధ్యాహ్నం మూడింటికి రోజూ పది నిమిషాలు కూర్చుని తనే నిర్ణయం రాసి సంతకం పెట్టేవాడు. "తప్పైతే నా మెడకు చుట్టుకుంటది, నీకేంది" అనేవాడు ఆ కుర్రాడితో. నెల రోజుల్లో ఆ కౌంటర్ ముందు గుంపు పలచబడింది. అదే కుర్రాడు, అదే కంప్యూటర్, అదే జీతం. తండా ఆమె పని కూడా అయింది, పోతూ పోతూ ఆ కుర్రాడికి సీతాఫలాలు ఇచ్చిపోయింది, వాడు రెండు రోజులు అందరికీ చెప్పుకు తిరిగాడు.

ఆ మేనేజర్‌ను పదమూడు నెలల్లో బదిలీ చేశారు. తర్వాత వచ్చినాయన మూడింటి సంతకాలు నాకెందుకని ఆపేశాడు. మూడు నెలలు పట్టలేదు మళ్లీ మొదటికి రావడానికి. ఈ బాధకు నా దగ్గర మందు లేదు.

మిగతావి త్వరగా చెప్తా. ఆడవాళ్లకు తాళం పడే టాయిలెట్ లేని ఆఫీసులో సాయంత్రం ఆరింటికి రివ్యూ పెట్టి, మహిళా సిబ్బందికి శ్రద్ధ లేదు అంటే ఏం చెప్తాం. పారిశుధ్య కార్మికులను "అరేయ్" అని పిలిచే జవాన్ ఉన్న వార్డులో మోరీలు ఎప్పటికీ సరిగ్గా ఉండవు, మన దగ్గర ఈ పిలుపు వెనక కులం ఉంది, ఉన్న మాట ఉన్నట్టు చెప్పుకోవాలి. పంచాయతీల్లో మల్టీపర్పస్ వర్కర్‌కు 9,500 జీతం, అది కూడా నెలలు ఆలస్యమైతే పొద్దున ఐదింటికి హాజరు కాలేదని వాడి మీద అరిచే హక్కు మనకు ఎక్కడిది? జీతం ఆపే అధికారం మన చేతిలో లేకపోవచ్చు, చేతిగ్లౌజులు, సబ్బు, ఒక కుర్చీ మన చేతిలో ఉన్నవే.

ఇంకో మాట. అన్నిటినీ సంస్కృతి మీదికి తోసేస్తే తప్పు. ఒక్క మనిషి మూడు సీట్లకు ఇన్‌ఛార్జిగా ఉంటే ఏ సంస్కృతీ అతన్ని కాపాడలేదు. 2018 చట్టం చెక్ పవర్, అంటే చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం, సర్పంచ్, ఉపసర్పంచ్‌లకు కలిపి ఇచ్చి బాధ్యత మొత్తం కార్యదర్శి నెత్తిన పెట్టింది, ఇద్దరికీ పడని ఊళ్లో కార్యదర్శి ఎంత మంచివాడైతే ఏం లాభం. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా పాలకవర్గాలు లేక, నిధులు రాక, ట్రాక్టర్ డీజిల్‌కు, వీధిలైట్లకు సొంత జేబులోంచి పెట్టుకున్న పిల్లలు నాకు ఎంతోమంది తెలుసు. ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన 317 జీఓతో భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా అయినవాళ్ల మనసు సాయంత్రం నాలుగింటి నుంచే బస్సు మీద ఉంటుంది. ఇవన్నీ పైన తేలాల్సినవి. కానీ ఒకే మండలంలో, ఇవే కష్టాలున్న రెండు పంచాయతీల మధ్య ఎంత తేడా ఉంటుందో నేను రోజూ చూసేదాన్ని. గీసుగొండ మండలం గంగదేవిపల్లి సంగతి నీకు తెలిసే ఉంటుంది, 1994లో విడి పంచాయతీ అయిన చిన్న ఊరు, నీళ్లకో కమిటీ, బడికో కమిటీ అని ఊరే పని పంచుకుంది. అక్కడ పన్ను వసూలుకు పోయే మనిషికి, ఇంకో ఊళ్లో పోయే మనిషికి కష్టం ఒకటే ఎట్లా అవుతుంది? అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు ఇద్దరూ లెక్క తెలిసినవాళ్లు అక్కడ.

ఇప్పుడు నీ భాగం. నువ్వు గల్లీలు తిరగడం మానేసింది పక్క సీటాయన చెప్పాడనే కాదు, తిరిగి చూసినవి ఏమయ్యాయో నీకు తెలియలేదు కాబట్టి కూడా. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ఏ గల్లీలో ఏం చూశావు, ఎవరికి చెప్పావు, ఎప్పుడు తీరింది, అంతే రాయి. నోటితో చెప్పినవన్నీ సాయంత్రం ఒక్క మెసేజ్‌లో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కు) మర్యాదగా పంపు, "సార్, ఈ రోజు మనం మాట్లాడుకున్నవి" అని. ఎవరిమీదా ఫిర్యాదులా ఉండకూడదు, జ్ఞాపకంలా ఉండాలి. "నీకెవరు చెప్పారు" అన్న ప్రశ్న వస్తే ఆ మెసేజే జవాబు. రెండోది, పక్కవాళ్ల పుస్తకం నీ టేబుల్ మీదికి వచ్చిన రోజున కుదరదు అనకు, "చేస్తాను సార్, దీని బదులు ఏది ఆపమంటారు?" అని అడుగు. గొంతు పెంచకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడుగు. నేను ఈ ప్రశ్న అడగడం నేర్చుకునేసరికి పదిహేనేళ్లు పట్టింది. మూడోది, నీ కింద ఇద్దరో ముగ్గురో ఉన్నారు కదా, జవాన్లు, కార్మికులు. వాళ్లకు నువ్వే ఆఫీసు. ఎవరైనా వచ్చి "సార్, ఆ కల్వర్టు దగ్గర నేను మర్చిపోయిన" అని చెప్తే ఆ రోజు నువ్వు ఏమంటావో జాగ్రత్తగా చూసుకో. నేను ఆ అమ్మాయితో అన్న మాట అనకు.

పక్క సీటాయనతో మాత్రం తగువు పెట్టుకోకు. ఆయన కూడా ఏదో ఒక జాతరలో రాత్రంతా మేలుకున్నవాడే అయ్యుంటాడు, అడిగి చూడు, ఎప్పుడు మానేశావు అన్నా అని, చాలామంది తారీఖుతో సహా చెప్తారు. ఆ కొర్రీల కాగితం ఆలోచన మీ మేనేజర్‌కు నచ్చేటట్టుంటే, నీదని చెప్పకుండా ఆయనదే అన్నట్టు ముందుకు తోయి, ముందు ఒక్క కౌంటర్‌లో పెట్టి చూడండి. ఏప్రిల్ రిబేటు రద్దీ మొదలవ్వకముందే పెడితే మంచిది, ఆ తర్వాత ఎవరికీ తీరిక దొరకదు. నెల తర్వాత ఎట్లా ఉందో నాకు రాయి, జరగకపోయినా సరే రాయి.